అగ్నిపర్వతానికి వన్స్‌మోర్

అలెగ్జాండ్రియా, బాలికల వసతిగృహం
ఏప్రిల్

ఫిక్రీ మామయ్యకు బసంత్ సలాములు.

అమ్మ నీకు ఫోన్ చేసి అన్నీ చెప్పానంటోంది. నీ చెల్లెలి సంగతి నీకు తెలియంది కాదు. ఆవిడ అన్నీ చెప్పిందంటే సగం ఏడుపు, సగం వంటల కబుర్లు. అందుకని నేనే రాస్తున్నాను. మా హాస్టల్ కంప్యూటర్‌కి ఇప్పుడు నోరొచ్చింది. నేను కొట్టిన ప్రతి మాటనూ ముక్కుతో మాట్లాడే గుమాస్తాలాగా నాకు చదివి వినిపిస్తుంది.

విషయం ఇది. వచ్చే ఏడు నేను సైన్సు తరగతిలో చేరాలి. మా బడిలో చూపులేని పిల్లలందరినీ సాహిత్యం తరగతిలోకి తోలేస్తారు. ఎందుకని మా హెడ్‌మిస్ట్రెస్ అబ్లా నఈమాను అడిగితే, "సైన్సంటే కళ్ళతో చూడాలమ్మా, సాహిత్యమైతే వింటే చాలు" అంది. నేను ఆవిడ గది గుమ్మం దగ్గర రోజూ నిలబడ్డాను. చివరికి విసిగిపోయి ఒక షరతు పెట్టింది. 'భూమి కడుపులో' అని అగ్నిపర్వతాల మీద ఒక పుస్తకముంది. సెప్టెంబరులో సైన్సు టీచర్లందరూ కూర్చుని ఆ పుస్తకంలో ఎక్కడినుంచైనా అడుగుతారట. చెప్పగలిగితే సీటు, లేకపోతే నోరు మూసుకుని సాహిత్యం.

ఆ పుస్తకం చుక్కల లిపిలో లేదు. దాన్ని మీ మనోనేత్ర సంఘం గొంతు పుస్తకంగా చేయిస్తోందనీ, చదివేది నువ్వేననీ తెలిసి ఎగిరి గంతేశాను.

మా గ్రంథాలయంలో వినే పుస్తకాలు లేవని కాదు. 'సహనం' ఉంది. 'సహనానికి ఫలం' ఉంది. 'చూపులేని మహనీయులు' మొదటి భాగం, రెండో భాగం ఉన్నాయి. 'తేనెటీగ నేర్పే సహనం' అని ఇంకోటుంది. తేనెటీగ గురించి నాలుగు ముక్కలు తెలుస్తాయని ఆశపడి పెట్టుకుంటే, మొదటి నిమిషంలోనే తేనెటీగ ఎగిరిపోయింది, మిగిలిందంతా సహనమే. మాకు మహనీయులు చాలు మామయ్యా. ఒక్క అగ్నిపర్వతం పంపించు. బొమ్మల కింది రాతలు, పట్టికలు, అన్నీ కావాలి. ఒక్క ముక్క కూడా వదలొద్దు.

నీ బసంత్

*

కైరో, షుబ్రా
మే

ముద్దుల మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఇది నేను చెబుతుంటే కాఫీ కొట్టు కంప్యూటర్ మీద లబీబ్ కొడుతున్నాడు. తంతి ఆఫీసులో పనిచేసి రిటైరైన వేళ్ళు కదా, ఖాళీగా ఉంటే దురద. పెద్దవాళ్ళు ఎప్పుడూ స్వయంగా రాయరు, చెబుతారు. (లబీబ్: పెద్దవాళ్ళు టైపు చేసినవాడికి థాంక్స్ కూడా చెప్పరు తల్లీ.)

నీ సీటు సంగతి నాకు వదిలెయ్యి. జీవితమంతా రేడియోలో వార్తలు చదివినవాణ్ణి. వాక్యానికీ వాక్యానికీ మధ్య నేను ఆగితే, ఆ నిశ్శబ్దంలో వీధి వీధంతా టీ గ్లాసులు చప్పుడు కాకుండా కింద పెట్టేవాళ్ళు. అలాంటి గొంతుకు ఒక కొండ ఎంత?

సంఘం అధ్యక్షురాలు దౌలత్ హానిమ్ మహా దయగల మనిషి. 'లావా' అన్న మాట వినగానే రుమాలు తీసింది. చూపులేని పిల్లల కోసం అగ్నిపర్వతం పేలడమే ఆవిడకు కన్నీళ్ళు తెప్పించిందట. మొన్న కమిటీ పొద్దుటినుంచి భోజనాల దాకా కూర్చుని ఒక తీర్మానం చేసింది. పుస్తకంలో 'చూడండి' అని ఉన్నచోటల్లా 'భావించండి' అని చదవాలి, లేకపోతే మీ మనసులు నొచ్చుకుంటాయట. నేను సరేనన్నాను. పిండి కొద్దీ రొట్టె, కమిటీ కొద్దీ పుస్తకం.

చదవడం మొదలైంది. వినేవాళ్ళు లేని గదిలో నా గొంతు లేవదు కనుక కాఫీ కొట్టు మిత్రులందరినీ స్టూడియోలో కూర్చోబెట్టుకున్నాను. పాట కచేరీలో కూర్చున్నట్టే కూర్చున్నారు. మంచి వాక్యం పడితే "అల్లాహ్!" అంటున్నారు. "ఇంకోసారి ఉస్తాజ్" అంటే ఇంకోసారి చదువుతున్నాను. రసికులు అడిగాక కాదనడం మన వంశంలో లేదు. (లబీబ్: 'భూమి గర్భం గర్జించింది' అన్నచోట నాకు ఒళ్ళు జలదరించింది. ఇంకో మూడుసార్లు చదివించాం.)

నీ మామయ్య ఫిక్రీ

*

అలెగ్జాండ్రియా
జూన్

మామయ్యా,

నీ అగ్నిపర్వతం వచ్చింది. హాస్టలంతా నా మంచం చుట్టూ చేరి పెట్టుకున్నాం.

ముందు దౌలత్ హానిమ్ మాట్లాడింది. తర్వాత ఉపాధ్యక్షుడు, దౌలత్ హానిమ్ చక్కగా మాట్లాడిందని మాట్లాడాడు. ఆ తర్వాత దిండ్ల కార్ఖానా యజమాని హాగ్ మిత్వల్లీ వచ్చి, చూపులేని బాల్యానికి మెత్తని దిండు ఎంత అవసరమో చెప్పాడు. ఆయన ప్రసంగం మా అందరికీ కంఠతా వచ్చేసింది. రాత్రి దీపాలార్పే గంట కొట్టగానే నా పక్క మంచం నజ్లా దాన్ని ఆయన గొంతుతోనే వల్లిస్తుంది, పిల్లలు నిజంగానే నిద్రపోతున్నారు. కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాం గాని, కొండ దగ్గరికి వెళ్ళడానికే ఇంతమంది ఎలుకల్ని దాటాలని తెలియదు.

చివరికి నువ్వొచ్చావు. బాగా చదివావు, నిజంగా. కానీ మామయ్యా, భూమి గర్భం గర్జించింది. "అల్లాహ్!" మళ్ళీ గర్జించింది. "తస్సాదియ్యా!" మళ్ళీ గర్జించింది. ఎవరో దగ్గారు, ఎవరో టీ చప్పరించారు, నాలుగోసారి గర్జించింది. అదే అగ్నిపర్వతం నాలుగుసార్లు పేలిందని చిన్నపిల్లలు పరీక్షలో రాస్తే తప్పెవరిది? ఇక ఆ 'భావించండి' గురించి. మేం రోజంతా 'సినిమా చూశాం, రుచి చూశాం, నీ అంతు చూస్తాను' అనుకునేవాళ్ళమే. మా మనసులు ఆ మాటతో నొచ్చుకోవు, దిండ్లతో నొచ్చుకుంటాయి.

నీకో నిజం చెప్పాలి. మేమెవరం మామూలు వేగంతో వినం. మూడు రెట్ల వేగం పెట్టుకుంటాం. అలవాటైన చెవికి అదే హాయి. నీ నిశ్శబ్దాలన్నీ ఎగిరిపోయి నువ్వు వీధిలో రొట్టెలు అమ్మేవాడిలా గబగబా వినిపిస్తావు, కోప్పడకు.

అసలు బాధ వేరే. పట్టికలు ఒక్కటీ లేవు. బొమ్మల కింది రాతలు లేవు. నిప్పు రంగుల అధ్యాయం పూర్తిగా లేదు. లావా రంగును బట్టి దాని వేడి చెప్పొచ్చంట, విషయసూచికలో ఉంది, లోపల లేదు. అబ్లా నఈమా నన్ను పడగొట్టాలనుకుంటే సరిగ్గా అక్కడే అడుగుతుంది. అవి చదివి పంపించు. నా సీటు వాటి మీదే ఉంది.

నీ బసంత్

*

కైరో, షుబ్రా
జూలై

బసంత్‌కు,

మూడు రెట్ల వేగమా? నలభై ఏళ్ళు సాన పట్టిన గొంతును మీరు ఉల్లిపాయలు తరిగినట్టు తరుగుతున్నారా? ఒక్కొక్క నిశ్శబ్దానికి నేను ఎంత ఊపిరి ఖర్చు పెట్టానో నీకు తెలుసా? ఇది విని నేను రెండు రోజులు కాఫీ కొట్టుకు పోలేదు. (లబీబ్: ఒక పూట. సాయంత్రానికి వచ్చి రెండు కాఫీలు తాగాడు.)

పట్టికల సంగతి. పట్టిక అనేది కంటికి సంబంధించిన వస్తువు, గొంతుకు కాదు. గళ్ళలో అంకెలు చదివితే కూరగాయల బేరంలా ఉంటుంది, కళ ఉండదు. రేడియోలో మేం ఏనాడూ పట్టిక చదవలేదు. నిప్పు రంగుల అధ్యాయం కమిటీ కొట్టేసింది. పిల్లలకు రంగుల ఊసెత్తడం కర్కశం అన్నారు. దౌలత్ హానిమ్ మాటకు నేను ఎదురు చెప్పలేను.

ఉన్నది బాగా విను. విన్నవాడికి వివరాలు అవే వస్తాయి. కొంచెం ఓపిక పట్టు తల్లీ.

నీ మామయ్య

*

అలెగ్జాండ్రియా
జూలై చివర

మామయ్యా,

నువ్వు కూడా నన్ను ఓపిక పట్టమన్నావు. ఆ మాట మా గ్రంథాలయంలో ఎంత ఉందో చెప్పినా సరే, నీ వంతు కూడా పంపావు.

నేను దౌలత్ హానిమ్‌కు ఫోన్ చేశాను. ఆవిడ ముందు ఏడ్చింది, చూపులేని పిల్ల తనంతట తానే నంబరు నొక్కిందని. ఏడుపు తగ్గాక నిప్పు రంగుల గురించి అడిగాను. కమిటీ అసలు ఆ అధ్యాయం జోలికే పోలేదంది. "అందులో అన్నీ గళ్ళే, ఏమీ లేదని ఉస్తాజ్ ఫిక్రీయే వదిలేశారమ్మా" అంది.

చాలా కోపం వచ్చింది. నా సీటుకన్నా నీ కళ ఎక్కువైందా అని ఒక పెద్ద ఉత్తరం కొట్టి పెట్టుకున్నాను. పంపే ముందు నీ పుస్తకాన్ని ఇంకోసారి, మామూలు వేగంతో విన్నాను. నీ నిశ్శబ్దాల్లో ఏముందో ఒకసారి చూద్దామని.

వాటిల్లో కాగితం ఉంది మామయ్యా. కాగితం చప్పుడు బల్ల మీంచి రావాలి. నీది నీ నోటి దగ్గర్నుంచి వస్తోంది. నీ ఊపిరి కాగితానికి తగులుతోంది. మధ్యమధ్య గాజు అంచు కాగితం మీద జరిగే చప్పుడు ఉంది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. నజ్లాకు కాస్త చూపుంది, అది భూతద్దంతో అలాగే చదువుతుంది, పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని. దానికి పెద్ద అక్షరాలు అందుతాయి. పట్టికల్లో, బొమ్మల కింద ఉండే చిన్న అక్షరాలు అందవు.

ఉత్తరాలు కూడా నువ్వు రాయడం మానేసి లబీబ్ మామ చేత కొట్టిస్తున్నావు.

ఆ కోపం ఉత్తరం చెరిపేశాను. ఇప్పుడు అడుగుతున్నాను, నిజం చెప్పు. నీ కళ్ళకు ఏమైంది?

బసంత్

*

కైరో, షుబ్రా
ఆగస్టు

బసంత్ తల్లీ,

కంటి లోపలి పొర అరిగిపోతోందట. మధ్యలో మసక, అంచుల్లో మాత్రం చూపుంది. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం ఉండదు, పక్కనున్న కుర్చీ కనిపిస్తుంది. కమిటీ మీటింగుల్లో అదొక్కటే లాభం. మందు లేదన్నాడు డాక్టరు. శీతాకాలం నుంచీ ఇంతే.

(లబీబ్: ఈ మాటలు కొట్టేదాకా నాకూ తెలియదు తల్లీ. రోజూ పొద్దున్న నా ఎదురుగానే కూర్చుంటాడు. కాసేపు ఆపాం. వీడు నన్ను తిట్టాడు, నేను వీణ్ణి తిట్టాను. ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టాం.)

పెద్ద అక్షరాలు ఇంట్లో భూతద్దంతో చదివి బట్టీ పట్టేవాణ్ణి. స్టూడియోలో కాగితం ముఖానికి అడ్డం పెట్టుకుని, దాని చాటున ఆ అద్దం జరుపుకుంటూ నెట్టుకొచ్చేవాణ్ణి. మర్చిపోయినప్పుడు ఈ వెధవలు "ఇంకోసారి" అనేవాళ్ళు. చదివిన వాక్యమే మళ్ళీ చదువుతూ, ఆ సందులో తర్వాతి వాక్యం గుర్తు తెచ్చుకునేవాణ్ణి. వాళ్ళకు రసం, నాకు ప్రాణం. చిన్న అక్షరాలు చీమల బారులా ఉండేవి, వదిలేశాను. అబద్ధం చెప్పాను. నీ సీటు పోతుందని తెలిసీ చెప్పాను, దానికి సిగ్గుగా ఉంది.

నాకు భయం తల్లీ. చీకటంటే కాదు. సంగతి తెలిస్తే దౌలత్ హానిమ్ నా చేతిలోంచి పుస్తకం తీసుకుని దిండు పెడుతుంది. చదవడం ఒక్కటే నాకు వచ్చిన పని.

సరే, ఏడుపు చాలు. రేపటినుంచి లబీబ్ నా పక్కనే కూర్చుంటాడు. పాతకాలం నాటకాల్లో తెర వెనక అందించేవాడుండేవాడు చూడు, అలా వాడు పట్టికలు చెవిలో చెబుతాడు, నేను పైకి చదువుతాను. బొమ్మల్లో ఏముందో కూడా వాడే చెప్పాలి. వాడి గుసగుస రైలు కూతలా ఉంటుంది, అది కూడా రికార్డులో పడుతుంది, సర్దుకో. సెప్టెంబరు లోపల నీ చేతికి వస్తుంది. సంఘానికి చెప్పలేదు, కాఫీ కొట్టు మీది గదిలోనే చదువుతున్నాం.

ఫిక్రీ

*

అలెగ్జాండ్రియా
సెప్టెంబరు

మామయ్యా, లబీబ్ మామా,

ఇద్దరికీ కలిపి రాస్తున్నాను, ఇద్దరూ కలిసే చదివారు కనుక.

అబ్లా నఈమా గదిలో సైన్సు టీచర్లు బల్లకు అటువైపు, నేను ఇటువైపు. మొదట సులువైనవి అడిగారు. తర్వాత అబ్లా గొంతు తియ్యగా మారింది. ఆవిడ గొంతు తియ్యనైతే మేం పుస్తకాలు సర్దుకుంటాం. "మూడో అధ్యాయంలో పేద్ద బొమ్మ ఉందమ్మా, అదేమిటో చెప్పగలవా?" అంది.

రికార్డులో ఆ చోట మీరిద్దరూ దెబ్బలాడుకున్నారు కదా. మామయ్యేమో "ఉత్తుంగ శిఖర గర్భమున" అని ఎత్తుకుంటే, లబీబ్ మామ, "శిఖరమూ లేదు శింగినాదమూ లేదు, మన వీధి మలుపులో చిక్కుడుగింజల బండి మీద ఇత్తడి కుండ ఉందే, అచ్చం అది, కింద పేద్ద బొజ్జ, పైన సన్నటి మెడ" అన్నాడు. నేను అదే చెప్పాను. కుండ బొజ్జలో కరిగిన రాయి ఉంటుందని, రాత్రంతా సెగ మీద ఉడికితే ఆవిరి మెడలోకి తన్నుకొస్తుందని, మూత బిగిస్తే ఏమవుతుందో పొద్దున్నే బండి దగ్గర నిలబడేవాళ్ళెవరికైనా తెలుసునని. భూగర్భశాస్త్రం సారు పకపకా నవ్వి, పదేళ్ళుగా తాను ఇంత బాగా చెప్పలేకపోయానన్నాడు.

అబ్లా ఊరుకోలేదు. నిప్పు రంగులు అడిగింది. ముదురు ఎరుపు అన్నిటికన్నా తక్కువ వేడి, ఆ పైన నారింజ, ఆ పైన పసుపు, తెలుపుకు దగ్గరయ్యేకొద్దీ ఇంకా వేడి అని పట్టిక మొత్తం అప్పజెప్పాను. అప్పుడు, "కానీ తల్లీ, నువ్వు ఎరుపు ఎప్పుడూ చూడలేదు కదా, నీకేం తెలుసని చెబుతున్నావు?" అంది.

గది నిశ్శబ్దమైంది. నీ నిశ్శబ్దం లాంటిదే మామయ్యా, ఎవరూ టీ గ్లాసు కదపలేదు.

"మీరు లావాను ముట్టుకున్నారా అబ్లా?" అన్నాను. "లేదు కదా. మీకు ఆ వేడి తెలియదు, నాకు ఆ రంగు తెలియదు. ఇద్దరం పుస్తకాన్నే నమ్మాలి."

సీటు ఇచ్చారు. సాయంత్రానికల్లా అబ్లా నఈమా, ఈ పిల్లను సైన్సులో చేర్చాలని తాను మొదటినుంచీ పట్టుబడుతున్నానని బడంతా చెప్పుకుంది. ఈ పుస్తకానికి తాను కూడా ఒక ముందుమాట చెబుతుందట. హాగ్ మిత్వల్లీకి తోడు దొరికింది.

నీ రికార్డు పిల్లలందరం పంచుకుంటున్నాం, సంఘం పంపింది కాదు, కాఫీ కొట్టుది. లబీబ్ మామ గుసగుస కోసం చిన్నపిల్లలు వెనక్కి తిప్పి మళ్ళీ మళ్ళీ వింటున్నారు.

ఇక నీ సంగతి. కంప్యూటర్ మీటల మీద చెయ్యి పెట్టు. రెండు చూపుడు వేళ్ళ కింద ఉండే మీటలకు చిన్న చిన్న బుడిపెలుంటాయి. వాటిని పట్టుకుంటే మిగతా అక్షరాలన్నీ ఎక్కడివక్కడ దొరుకుతాయి. కళ్ళు మూసుకుని నేర్చుకో, ఇప్పటినుంచే. తెరిచి నేర్చుకుంటే తర్వాత మళ్ళీ నేర్చుకోవాలి.

నీ సైన్సు మేనకోడలు బసంత్

*

కైరో, షుబ్రా
డిసెంబరు

బసంత్,

ఈ ఉత్తరంలో లబీబ్ లేడు. బుడిపెలు దొరికాయి. ఒక్కో అక్షరానికి ఒక్కో సిగరెట్టు అయిపోతోంది. అందుకని గొప్పలు తగ్గించాను. టైపు చేయాల్సివస్తే మనిషికి వినయం వస్తుంది.

దౌలత్ హానిమ్‌కు తెలిసిపోయింది. నేను ఆవిడకు షేక్‌హ్యాండ్ ఇవ్వబోయి పక్కనున్న కుర్చీకి ఇచ్చాను. మర్నాడే కమిటీ అంతా బస్బూసా మిఠాయి పళ్ళెంతో ఇంటికి వచ్చింది. హాగ్ మిత్వల్లీ దిండు తెచ్చాడు. నిజంగానే మెత్తగా ఉంది, ఆ మాట ఆయనకు చెప్పకు. 'చూపులేని మహనీయులు' మూడో భాగంలో నన్ను చేరుస్తారట. అది నా గొంతుతోనే చదివితే హృదయాలు కరుగుతాయట. ఇంకా ఒక కన్ను అంచు మిగిలుండగానే నన్ను మహనీయుణ్ణి చేసేశారు. పోయేదాకా ఆగలేకపోయారు.

నేను చదవనన్నాను. కావాలంటే కరెంటు గురించి ఒక సైన్సు పుస్తకం ఉంది, పట్టికలతో సహా లబీబ్‌తో కలిసి చదువుతానన్నాను. చూపు పోతున్నవాడి కోరిక కాదనకూడదని అందరూ ఏడుస్తూ ఒప్పుకున్నారు. ముందుమాటలు ఒద్దన్నాను, దానికీ ఏడుస్తూనే ఒప్పుకున్నారు. ఈ జాలితో ఇన్ని పనులు జరుగుతాయని నువ్వు నాకు ముందే చెప్పాల్సింది.

కొన్ని పొద్దుటి పూటలు బాగుండవు. లేచి కిటికీ వైపు తిరుగుతాను, కిటికీ మధ్యలో ఏమీ ఉండదు. అప్పుడు చాలా దుఃఖం వస్తుంది. ఇది ఇంకెవరికీ చెప్పలేదు.

నిన్న నా అగ్నిపర్వతాన్ని నేనే విన్నాను. మొదట మామూలుగా పెట్టుకున్నాను. ఆ నిశ్శబ్దాలు భరించలేకపోయాను, వీడు ఎప్పుడు మాట్లాడతాడురా బాబూ అనిపించింది. రెండు రెట్లు చేశాను. ఒకచోట ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. గదిలో ఎవరూ లేరు. అయినా "అల్లాహ్!" అన్నాను. అది నా వాక్యం కాదు, లబీబ్ చెప్పిన చిక్కుడుగింజల కుండ. వాడికి చెప్పకు.

నీ ఉత్తరాలు ఇకమీదట లబీబ్ చదవక్కర్లేదు. మీ ముక్కు గుమాస్తా మా కొట్టుకు కూడా వచ్చాడు, చదివి పెడుతున్నాడు. మీ తరగతి సంగతులు రాయి, మీ సారు సంగతులు రాయి, ఏమైనా రాయి. ఓపిక పట్టమని మాత్రం రాయకు.

ఫిక్రీ